గడువు దాటని ప్యాకెట్

తైవాన్‌లోని కీలుంగ్‌లో ఆ రాత్రి వాన వదల్లేదు. ఇంట్లో ఒంటరిగా ఉండే యు-ఫాంగ్, కంప్యూటర్లో తెర వెనక ఊరికే నడిచే సర్వీసులను ఒక్కొక్కటే ఆపేస్తోంది. తైపే నుంచి తమ్ముడు ఫోన్లో చెబుతున్నాడు.

"ప్రింటర్‌ది ఆపెయ్ అక్కా. నీకు ప్రింటరెక్కడిది?"

"ఆపేశా. ఇదేంట్రా, దీనికి పేరే లేదు?"

"నేను పెట్టింది కాదే! ఆగు, ముందు ప్యాకెట్ గడువు చూడు. అది దాటితే మిషన్ మొండికేస్తుంది."

మిషన్లు బుద్ధిగా ఉండాలని అందరూ వాటి మీద పెట్టుకునే ఆకుపచ్చ చిరుతిళ్ల ప్యాకెట్ అది. విప్పకూడదు, పాతబడనివ్వకూడదు.

"వచ్చే ఏడాది దాకా ఉందిరా."

"పర్లేదే, గుర్తుపెట్టుకుని మార్చావు!"

"నేనా? నువ్వు మార్చావనుకున్నా."

"నేనొచ్చి మూడేళ్లయింది కదక్కా."

ఇంటి ఓనరమ్మ దగ్గర ఇంకో తాళంచెవి ఉంది. ఆవిడేనా? యు-ఫాంగ్ తలుపు వైపు అనుమానంగా చూసింది. గడియ లోపలి నుంచి వేసే ఉంది. ఆ పేరు లేనిదాన్ని కూడా కసిగా ఆపేసింది.

కంప్యూటర్ ఫ్యాను హోరు ఆగిపోయింది. పెదాలు బిగించి, ఊపిరి బిగబట్టి చెవులు రిక్కించింది. వాన తప్ప ఏమీ లేదు.

ఫోన్లో తమ్ముడు నవ్వాడు.

"ఇంత రాత్రప్పుడు ఏం నములుతున్నావక్కా, కరకరమని?"