చుట్టూ ఉన్నవాళ్లు

“రొమ్ములో గడ్డ ఒక్కటే కాదు, దాని చుట్టూ ఉన్న కణజాలం కూడా రోగాన్ని పెంచుతుంది. అందుకే దాన్నీ చూసుకోవాలి” అని డాక్టరు హిందీలో చెప్పాడు.

ఆపరేషన్ అయ్యేదాకా తోడుండడానికి విశాఖ నుంచి ఓడలో ఈ దీవికి వచ్చిన అత్త గవరమ్మకు హిందీ రాదు.

“ఏటంటన్నాడే?” అని కోడలు మంజును అడిగింది.

మంజుకు ప్రోతరాపూర్‌లోని ఇంట్లో తన మంచం చుట్టూ చేరి, పొద్దస్తమానం ఏడ్చే బంధువులు గుర్తొచ్చారు.

“చుట్టూ ఉన్నవాళ్ల వల్లే రోగం పెరుగుతోందని డాక్టర్ సాబ్ అంటున్నారు అత్తా” అంది.

ఇంటికి రాగానే గవరమ్మ ఒక్కొక్కరినీ గుమ్మం దాటించింది. “డాక్టరు బాబే సెప్పినాడు, ఎల్లండి” అని ఎవరి మాటా వినలేదు. మంజు దుప్పటి చాటున నవ్వుకుంది. చాలా రోజుల తర్వాత కంటినిండా నిద్రపోయింది.

లేచేసరికి ఇల్లంతా నిశ్శబ్దంగా ఉంది. మంచం పక్కన వేడి గంజి మూతపెట్టి ఉంది. గవరమ్మ సంచి సర్దుకుని, కళ్లు తుడుచుకుంటూ గుమ్మంలో నిలబడింది.

“ఓడ టికెట్టుకు సెప్పేసినానమ్మా. అందరికంటే నిన్ను అంటిపెట్టుకుని ఉన్నది నానే గదా!”