దయ్యం తాత సినిమా

అంత మంచి సినిమా కువైట్‌లో ఇంతవరకూ ఆడలేదని సూరిబాబు వాదన. అలాగని అతనేమీ సినిమా పండితుడు కాదు. ముమ్మిడివరం నుంచి వచ్చి, సల్వాలో ఓ కువైటీ ఇంట్లో కారు నడుపుకునే మనిషి.

సినిమా మట్టిబొమ్మలది. చచ్చిపోయిన తాత ఒకడు రోజూ ఇంటికొచ్చి తన కట్టుడు పళ్ళు వెతుక్కుంటూ ఉంటాడు. మనవలు ముందు హడలి చస్తారు. తర్వాత వాళ్ళే వెతికిపెడతారు.

బొమ్మని చేత్తో రవ్వంత కదపడం, ఫొటో తీయడం, మళ్ళీ కదపడం. అలా ఏళ్ళ తరబడి తీశారట. తాత బుగ్గ మీద ఎవరిదో వేలిముద్ర కూడా కనిపిస్తుందనీ, కంప్యూటర్ బొమ్మలకి ఆ ప్రాణం ఎక్కడినుంచి వస్తుందనీ, ఇంటిల్లిపాదీ చూడొచ్చనీ సూరిబాబు వచ్చీరాని అరబ్బీలో యజమాని పిల్లలకి నూరిపోశాడు. అన్నిటినీ మించిన గుణం ఇంకోటుంది. అది భయపెడుతుంది.

ఆ పిల్లలు ఫహద్, దానా. మామూలు సినిమాలకైతే వాళ్ళని హాలు ముందు దింపేసి సూరిబాబు కార్లో పడుండాలి. దీనికి మాత్రం భయమేసి అతన్నీ లోపలికి లాక్కెళ్ళారు. వాళ్ళ స్కూలు స్నేహితులూ అంతే, తమ ఆయా గంగారత్నాన్ని వెంటబెట్టుకొచ్చారు. పిల్లలు నలుగురూ వరసగా కూర్చుంటే, చివర పక్కపక్కన పెద్దవాళ్ళిద్దరూ. ఆ రోజు తెర మీద ఏం జరిగిందో అడిగితే సూరిబాబు సగం కూడా చెప్పలేడు.

పోయిన వారం రెండోసారి కూడా చూశారు. ఈ గురువారంతో సినిమా ఎత్తేస్తున్నారు. ఇంకొక్కసారి ఆ హాల్లోకి వెళ్ళాలి. అతనికి ఇంకేం అక్కర్లేదు. పిల్లల్ని బతిమాలాడు. వాళ్ళచేత స్నేహితులకి ఫోను చేయించాడు. పనివాళ్ళంతా మామా అని పిలిచే వాళ్ళమ్మనీ ఒప్పించాడు. మొత్తానికి రెండిళ్ళ పిల్లలూ బయల్దేరారు.

హాలు ముందు కారాపి సూరిబాబు కూడా దిగబోయాడు. ఫహద్ ఆపేశాడు.

"నువ్వు రాకు సూరీ. మాకిప్పుడు భయం పోయింది."

తాత ఈసారి ఇంకా భయంకరంగా ఉంటాడని సూరిబాబు చెప్పిచూశాడు. పిల్లలు పడీ పడీ నవ్వారు. చూసేసిన సినిమాలో తాత మారతాడా మరి. గంగారత్నాన్ని మాత్రం ఆమె చూసుకునే చిన్నపిల్ల చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకుపోయింది. వచ్చేవారం ఆ హాల్లో వేసేది నవ్వుల సినిమా అని బయట పోస్టరు అంటించారు.

గంగారత్నం పనిచేసే ఇంట్లో అబ్దుల్ ఖాదర్ కొత్తగా చేరిన డ్రైవరు, రాయచోటి మనిషి. పార్కింగులో సూరిబాబు స్టీరింగు మీద తల వాల్చి ఏడుస్తుంటే చూసి కారు కిటికీ దగ్గరికొచ్చాడు. మంచివాడే, కానీ నోరు కట్టుకోలేకపోయాడు.

"నువ్వు యా సినిమాకి వస్తాండావో నాకు తెలుసులేబ్బా. మా మామా ఆయమ్మను గడప దాటనీదు. ఫోను గూడా పెరుక్కునింది. ఈ సంగతి తెలిస్తే ఇద్దర్నీ ఇండియా పంపించేస్తారు."

అబ్దుల్ ఖాదర్ గొంతు తగ్గించాడు.

"ఆయమ్మకు మొగుడుండాడంట. తప్పు గదబ్బా?"

సూరిబాబు చొక్కా అంచుతో ముఖం తుడుచుకున్నాడు.

"ఆ మొగుణ్ణి నేనేనండి."