కుళాయి పక్క పెద్దిల్లు

"ఇళ్లు ఖాళీ లేవు," అంది పాప తలెత్తకుండానే.

మెడలో టేపు వేసుకుని పెరట్లోకి వచ్చిన టైలరమ్మ ఆగిపోయింది. కొత్త గౌనుకు కొలతలు తీసుకోవడానికి రావడం ఇది మూడోసారి. మొదటిసారి పాప మంచం కింద దూరింది. రెండోసారి గోడెక్కి కూర్చుంది. ఇవాళ తన ఊరి మధ్యలో ఉంది. ఊరంటే అగ్గిపెట్టెల ఇళ్లు, సీసామూతల బావులు, ఇటుకపొడి రోడ్లు. ఎనిమిదేళ్ల పిల్ల ఒక్కతే కట్టుకున్న ఆ ఊళ్లో పెద్దవాళ్ల పప్పులు ఉడకవు.

టైలరమ్మ గౌను మాట ఎత్తలేదు. మట్టిలోనే చతికిలబడింది.

"కుళాయి పక్క పెద్దిల్లు ఖాళీగానే ఉన్నట్టుంది, ఓనరుగారూ?"

"అది ఎవరికీ ఇవ్వను."

"ఎందుకో?"

"ముందున్నావిడ సామాన్లు లోపలున్నాయి."

టైలరమ్మ వంగి చూసింది. సబ్బు అట్టపెట్టెలో ఒక నీలం గుండీ, ఒక తలపిన్ను ఉన్నాయి.

"వాటినలాగే ఉంచుతాను. నేను ఓ మూల సర్దుకుంటాను."

"మూల కూడా ఇవ్వనంటే?"

"రేపొచ్చి మళ్లీ అడుగుతాను."

పాపకు ఒళ్లు మండింది. తనను మించిన మొండిఘటం ఊళ్లోకి రావడం ఇదే మొదలు.

"అరుస్తారా?"

"అప్పుడప్పుడు. దారం తెగినప్పుడు."

"ఇక్కడ నా మాటే చెల్లుతుంది."

"నాకు నచ్చకపోతే చెప్తాను మరి."

"చెప్పుకోండి. నేను వినను." పాప ఒక కంకరరాయి తీసి అటూ ఇటూ దొర్లించింది. "మధ్యలో ఖాళీ చేసి వెళ్లిపోతారా?"

టైలరమ్మ మెడలోని టేపు కొసను వేలికి చుట్టుకుంది.

"నా అంతట నేను వెళ్లను," అంది. "అంతవరకే మాటివ్వగలను."

పాప కంకరరాయిని పక్కన పెట్టింది. పుల్ల ఒకటి ఏరి పెద్దింటి గుమ్మంలో గుచ్చింది. లోపల కాదు, గుమ్మంలోనే.

"అద్దెకే. ఇల్లు మీది కాదు. ఆ గుండీ జోలికొస్తే అదే రోజు ఖాళీ చేయిస్తా."

"సరే."

పాప లేచి, మట్టి చేతులు రెండూ పక్కలకు చాపింది.

"కొలుచుకోండి. నచ్చకపోతే మాత్రం వేసుకోను."

టైలరమ్మ టేపు విప్పింది. ఇరవై ఏళ్లుగా ఆ పని చేస్తున్న మనిషికి కొలత రెండుసార్లు తప్పింది.

వచ్చే ఆదివారం ఆవిడకూ పాప నాన్నకూ పెళ్లి.