హిర్ట్‌షాల్స్‌కి చూపించొద్దు

“మళ్ళీ నొక్కాడమ్మా,” అంది సిగ్నె, కంప్యూటర్ మీంచి తల ఎత్తకుండానే.

ఇంగెబోర్గ్ చేతిలోని ఉన్ని మేజోళ్ళ కట్టను బల్ల మీదికి విసిరికొట్టింది.

“అదే ఊరా?”

“అదే. హిర్ట్‌షాల్స్.”

హిర్ట్‌షాల్స్ రేవుకి దగ్గర్లోని యోరింగ్ ఊళ్ళో ఆ తల్లీకూతుళ్ళది మేజోళ్ళ దుకాణం. నడిచొచ్చి కొనేవాళ్ళు కరువై, ఇంటర్నెట్‌లో ప్రకటనలకి వేలం పాడి బతుకుతున్నారు. ఎవరైనా మేజోళ్ళ కోసం వెతికితే, ఎక్కువ పాడినవాళ్ళ దుకాణం పైన కనబడుతుంది. దాన్ని నొక్కితే చాలు, కొన్నా కొనకపోయినా పాడిన సొమ్ము పోయినట్టే. ఈ చలికాలం సరుకు కదలకపోతే ఇక దుకాణం మూసుకోవడమే.

“ఆ హిర్ట్‌షాల్స్‌లో ఎవడైనా ఒక్క జత కొన్నాడా?”

“ఒక్కడూ లేడు. కొనేవాళ్ళంతా ఫారో దీవులు, ఐస్‌లాండ్, నార్వే.”

“అయితే ఇంకెవడు, మోగెన్స్ గాడే. వాడి మేజోళ్ళ కొట్టూ అక్కడే కదా. వాడి మొహం మండ, కూర్చున్నచోటు నుంచే నా డబ్బు తగలేస్తున్నాడు.”

“ఏం చేద్దాం మరి? ఇదివరకటిలా అన్ని ఊళ్ళకీ పాడదామా, కొనేవాళ్ళున్న చోటే పెంచి పాడదామా?”

“కొనేచోటే పాడు. హిర్ట్‌షాల్స్‌లో మన పేరే కనబడకూడదు.”

సిగ్నె ఆ ఊరిని తీసేసింది.

తర్వాతి వారం వానకోటు వేసుకున్న ముసలాయన ఒకడు తలుపు తోసుకుని వచ్చాడు.

“దుకాణం ఎత్తేశారేమోనని కంగారుపడ్డానమ్మా. నా ఫోన్లో కనబడటం మానేశారు.”

“ఏ ఊరు మీది?”

“హిర్ట్‌షాల్స్. రోజూ పైన మీ పేరే వచ్చేది. నొక్కేవాణ్ణి.”

కోపం వస్తే ఇంగెబోర్గ్‌కి ఎదుట ఎవరున్నదీ కనబడదు.

“ఆ మహానుభావుడివి నువ్వేనా. మోగెన్స్ ఎంతిస్తున్నాడు నీకు?”

“మోగెన్స్ ఎవరమ్మా?”

“నంగనాచి కబుర్లు చెప్పకు. నువ్వు వేలు పెట్టినప్పుడల్లా నా సొమ్ము పోతోంది. ఒక్క జతైనా కొన్నావా?”

“నాక్కాదమ్మా, అవి...”

“నీక్కాదని తెలుసులే. నడు బయటికి.”

ముసలాయన తలుపు వైపు తిరిగాడు.

“డబ్బు పోతుందని నాకు తెలీదు. ఇంకెప్పుడూ నొక్కను,” అని వెళ్ళిపోయాడు.

“ఆయన మాట పూర్తి చెయ్యనివ్వాల్సింది,” అంది సిగ్నె.

“నీ జాలి వల్లే ఇలా ఏడుస్తున్నాం.”

ఫారో దీవులకి వేలం పాట పెంచారు. ఐస్‌లాండ్‌కి ఇంకా పెంచారు. కొనేవాడు రాలేదు. సిగ్నె ఆపుదామంటే ఇంగెబోర్గ్ మండిపడింది, మళ్ళీ పెంచింది. చలికాలం సగం కాకుండానే దుకాణం అమ్మకానికి పెట్టారు.

సరుకుతో సహా కొన్నది మోగెన్సే.

అతనికి తాళాలు ఇవ్వాల్సిన రోజు, ఖాళీ అరలు తుడుస్తుంటే ఓ పడుచు నావికుడు వచ్చాడు.

“మేజోళ్ళు కావాలి. మా ఓడలో వాళ్ళందరికీ.”

“అయిపోయాయి. నీ రేవు పక్కనే మోగెన్స్ ఉన్నాడుగా, వాడి దగ్గరికే పోయి ఏడువు.”

“మీ దగ్గరే కొనమన్నాడు ఐనార్ తాత. ఫోన్లో నొక్కొద్దన్నాడు, మీకు డబ్బు పోతుందట. అందుకే బస్సెక్కి వచ్చాను.”

“ఎవడా ఐనార్?”

“మీ దగ్గరికి వచ్చి చీవాట్లు తిన్నాడే, ఆయనే. హిర్ట్‌షాల్స్ రేవులో, నావికుల విడిదిలో మాకు కాఫీ పోస్తాడు.”

“మరి రోజూ ఎందుకు నొక్కాడు?” అంది ఇంగెబోర్గ్.

“ఫారో వాళ్ళమైనా, ఐస్‌లాండ్ వాళ్ళయినా, నార్వే వాళ్ళయినా, ఇంటికెళ్ళాక మీ మేజోళ్ళే తెప్పించుకునేవాళ్ళమంటే, కప్పు చేతిలో పెట్టి తన ఫోన్లో మీ దుకాణం తీసి చూపించిన ఆ ఒక్క మనిషి వల్లే.”