నీలం సోఫా

“కూసోండి సార్,” అంది వెన్నెల సోఫా చూపించి.

రామచంద్రయ్య కూర్చోలేదు. ముప్పై ఏళ్ళు తన పొలంలో కూలి చేసిన మునెప్ప ఇంటికి ఆయన రావడం ఇదే మొదలు. మునెప్ప కూతురు వెన్నెల వార్డు సచివాలయంలో పనిచేస్తోందని, పొలం కాగితాలు చూపించుకుందామని పుంగనూరు వచ్చాడు.

“ఇది మా ఇంటి సోఫానే కదప్పా?”

“అవును సామీ. మీరు పారెయ్యమంటే తెచ్చుకుంటి. పాప ఆ గుడ్డ మీదనే నీలం రంగేసింది.”

“బాగుండాది,” అన్నాడాయన నిలబడే.

“కూసోండి సార్,” వెన్నెల మళ్ళీ అంది.

“రంగింకా ఆరలేదు పాపా, సామి పంచెకు అంటుకుంటాది!” మునెప్ప గబుక్కున అడ్డొచ్చాడు.

రామచంద్రయ్య ముఖం తేటపడింది. “అట్లనా! నిలబడే మాట్లాడుకుందాంలే.”

వెన్నెల తండ్రి కళ్ళలోకి చూసింది. మూడో పూత వేసి వారమైంది. నిన్న మధ్యాహ్నం నాయనే దాని మీద పడుకుని గురక పెట్టాడు.

ఆమె వెళ్ళి సోఫాలో వెనక్కి ఆనుకుని కూర్చుంది. కాసేపుండి లేచి, ఇద్దరికీ వీపు కనిపించేలా తిరిగింది.

“ఆరిపోయిండాది సార్. సూడండి.”

రామచంద్రయ్య గుమ్మం వైపు చూపు తిప్పుకున్నాడు. మునెప్ప మాత్రం, ఒక్క మరకైనా కనబడకపోతుందా అని, ఆమె తెల్ల చుడీదారంతా కళ్ళతో వెతుకుతున్నాడు.