అండీ

"ఒరేయ్ సూరీ! ఊపిరి పొట్టలోకి తీసుకోమంటే భుజాలు ఎగరేస్తావేంట్రా?"

యోగా నేర్పే కామాక్షమ్మ, ఆటో నడిపే సూరిబాబు వీపు మీద ఒక్కటి చరిచింది. ఆ వెంటనే పక్కకి తిరిగి, "మీరు కానివ్వండి రాఘవయ్యగారూ," అంది మెత్తగా.

నిన్నగాక మొన్న వచ్చినవాడి దగ్గర ఆవిడకి అంత చనువేమిటని రాఘవయ్య కళ్ళలో నిప్పులు పోసుకున్నాడు. క్లాసు జరిగే ఈ షెడ్డు తనది. చుట్టూ ఉన్న మామిడితోట తనది. ఏటా తొలికోత చిన్నరసాలు గంపతో తెచ్చి ఆవిడ పాదాల దగ్గర పెడుతున్నది తను. గురువు చెయ్యి మాత్రం వాడి వీపు మీద!

అందరూ వెళ్ళాక ఇక ఉండబట్టలేకపోయాడు.

"వాడిలో ఏం చూశారమ్మా? నన్ను ఒక్కనాడైనా ఒరేయ్ అన్నారా?"

కామాక్షమ్మ చాప చుడుతూ నవ్వింది. "షెడ్డు ఇచ్చిన పెద్దమనిషిని అలా ఎలా అంటానండీ? వాడు తనకేమీ తెలీదని వచ్చాడు. మీరు వచ్చినప్పుడల్లా ఏదో ఒకటి ఇవ్వడానికే వచ్చారు. ఇచ్చేవాళ్ళకి దణ్ణం పెడతాం గానీ, తప్పులు దిద్దుతామా?"

రాఘవయ్య మొహం మాడిపోయింది. విసురుగా బయటికి నడిచి, చెప్పుల్లో కాళ్ళు పెట్టబోయి ఆగాడు. వెనక్కి వచ్చి ఆవిడ ముందు నేల మీద చతికిలబడ్డాడు.

"నాకూ ఊపిరి పొట్టలోకి దిగట్లేదమ్మా. ఇన్నాళ్ళూ దిగినట్టు నటించాను."

వీపు మీద ఛెళ్ళుమని దెబ్బ పడింది.

"ఆ సంగతి నాకు తెలీదనుకున్నావేంట్రా?"