చలిపెట్టె ముందు పెళ్ళిచూపులు

“నేనండీ...” అంటూ నీలం చొక్కా అబ్బాయి గుమ్మంలో ఆగాడు.

“తెలుసు, రండి రండి!” అంది ఉక్కమ్మ.

పనిముట్ల పదును నిలిచేలా ఉక్కును గట్టిపరిచే వర్క్‌షాపులో ఆమె ఇంజనీరు. ఆ పేరు తోటివాళ్ళు పెట్టింది.

పొద్దున్నే అమ్మ ఫోనులో మరీ మరీ చెప్పింది. “అబ్బాయి అక్కడికే వస్తాడట. నీలం చొక్కా వేసుకుంటాడట. నీకు దణ్ణం పెడతానే, ఉక్కు ఊసెత్తకు!” ఇదివరకు చూడవచ్చిన వాళ్ళందరూ ఆ ఊసుకే ఆవులిస్తూ వెళ్ళిపోయారు మరి.

ఉక్కమ్మ నోరు కట్టేసుకుంది. కానీ మూలనున్న చలిపెట్టె మూత సందుల్లోంచి జారుతున్న తెల్లటి ఆవిరిని చూసి అతనే అడిగాడు.

“ఉక్కుకి ఇంత చలి ఎందుకండీ?”

ఇంకేముంది, గట్టు తెగింది.

“ఎర్రగా కాల్చి నూనెలో ముంచితే ఉక్కు లోపలి అమరిక మారి గట్టిపడుతుంది. అక్కడక్కడా కొంచెం మాత్రం మారనని మొండికేసి మెత్తగా ఉండిపోతుంది. దాన్నే ఆస్టెనైట్ అంటారు. ద్రవ నైట్రోజన్ చలి తగిలితే అదీ దారికొస్తుంది. పరమాణువులు కొత్తగా సర్దుకుంటాయి!”

“సర్దుకుంటే చోటు మిగులుతుందా?”

“మిగలదు, ఇంకా కావాలి! ముక్క వెంట్రుకవాసి లావవుతుంది.”

“అచ్చం రైలెక్కిన మా పెద్దమ్మే! సర్దుకుని కూర్చున్నాకే ఎక్కువ చోటు పడుతుంది.”

ఉక్కమ్మ పొట్ట పట్టుకుని నవ్వింది.

“తర్వాతేం చేస్తారు?” అన్నాడతను.

ఆమెను ఆ మాట ఇంతవరకూ ఎవరూ అడగలేదు. కాళ్ళు నేలమీద నిలవలేదు.

“తర్వాత సన్నటి వేడి చూపించాలి. లేకపోతే పెళుసుగా ఉండి పుటుక్కుమంటుంది.”

“అంటే గట్టిగా కోప్పడ్డాక కాస్త బుజ్జగించాలన్నమాట.”

“అంతే, అంతే!” చప్పట్లు కొట్టేసింది. ఆ ఊపులోనే మనసులో మాట బయటికొచ్చేసింది. “చూడండీ, నాకు నాన్చడం రాదు. మీరు నాకు నచ్చారు. పెళ్ళికి నేను సిద్ధం. మీరేమంటారు?”

అతని చెవులు ఎర్రబడ్డాయి. తర్వాత మొహమంతా నవ్వు పరుచుకుంది.

“నాకూ మీరు తెగ నచ్చారండీ! మా అమ్మకి ఇవాళే చెప్పేస్తాను. కాకపోతే ముందు మీకో మాట చెప్పాలి.”

“చెప్పండి!”

“నేను నైట్రోజన్ దించడానికొచ్చిన డ్రైవర్నండీ.”